చుక్క పెట్టిన కంచం

నేను బడిలో సైన్సు చెప్పేదాన్ని. ఆ ముక్క ముందే చెప్పేస్తే నా సిగ్గు కొంచెం తగ్గుతుందేమోనని చెబుతున్నాను. పచ్చకామెర్లు ఎలా వస్తాయిరా అని అడిగితే మా ఏడో తరగతి పిల్లలు గొంతులు చించుకుని "కలుషితమైన నీళ్ళ వల్ల టీచర్!" అని అరిచేవాళ్ళు. నేను నేర్పిన పాఠమే. నీళ్ళు కాచి తాగండి, ఈగలు వాలినవి తినకండి, చేతులు కడుక్కోండి. అంతవరకూ తప్పేం లేదు. కానీ ఆ ఒక్క పాఠం పట్టుకుని మా అత్తమ్మని ఎంత ఏడిపించానో తలుచుకుంటే, ఇన్నేళ్ళయినా నా మీద నాకే చిర్రెత్తుకొస్తుంది.

తొంభైల ఆఖరు అది. మా ఊరు గుంటూరుకి గంటన్నర బస్సు ప్రయాణం. చుట్టూ నల్లరేగడి, పత్తి, మిరప. మా ఇల్లు ఊరికి ఎడంగా, మావాళ్ళుండే పల్లెలో, చర్చి పక్కన ఉండేది. మా ఆయన పత్తి మిల్లులో పనిచేసేవాడు. మాకు ఐదేళ్ళ కూతురు. మామయ్య నేను కాపురానికి రాకముందే పోయాడు. అత్తమ్మకి అరవై దాటాయి, అయినా పదిహేనుమంది ఆడవాళ్ళ కూలి ముఠాకి ఆవిడే పెద్ద. పత్తి తీతకి ఎవరి చేలోకి వెళ్ళాలో, మిరపకోతకి ఎవరి దగ్గర ఒప్పుకోవాలో ఆవిడే తేల్చేది.

ఆవిడకి ఇంకో పని కూడా ఉండేది. ముళ్ళు తీయడం. మా చేలగట్ల మీద తుమ్మముళ్ళకీ పల్లేరుకాయలకీ కరువు లేదు. రోజుకి ఇద్దరైనా కుంటుకుంటూ వచ్చి అత్తమ్మ ముందు కాలు చాపేవాళ్ళు. ఆవిడ ఎడమచేతి గాజుకి ఎప్పుడూ ఒక పెద్ద పిన్నీసు వేలాడేది. కళ్ళకి పొరలు కమ్మినా ఆవిడకి లెక్కలేదు. బొటనవేలితో తడిమి ముల్లు ఎటు వాలి ఉందో కనిపెట్టి, చర్మం కొంచెం చీల్చి, ఒక్క ఎత్తు ఎత్తేది. అంతే, ముల్లు బయట. తర్వాత పిన్నీసు చీరకొంగుకి తుడిచి మళ్ళీ గాజుకి తగిలించుకునేది. ముఠాలో వాళ్ళవే కాదు, ఊళ్ళో రైతుల కాళ్ళు కూడా ఆ పిన్నీసుకి తెలుసు. అత్తమ్మ చేయి పడితే చీము పట్టదని పేరు.

ఆ పొరలు తీయించుదామనే గుంటూరు తీసుకెళ్ళాం. కంటి డాక్టరు ఆపరేషన్‌కి ముందు రక్తపరీక్షలు రాశాడు. మర్నాడు కాగితం చేతికిచ్చారు. చక్కెర లేదు, ఇంకేవో లేవు, కింద ఒక వరుసలో మాత్రం ఆస్ట్రేలియా యాంటిజెన్ పాజిటివ్ అని రాసి, ఎర్రపెన్నుతో సున్నా చుట్టారు. మా ఆయన ఆ కాగితం అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"మా అమ్మ గుంటూరు దాటి ఎరగదు. ఆస్ట్రేలియా ఏందీ?" అన్నాడు.

సైన్సు టీచర్ని కదా, నా మొహం చూశాడు. నాకేం తెలుసు నా బొంద!

అక్కడినుంచి ఇంకో పెద్ద డాక్టరు దగ్గరికి పంపారు. బయట నలభైమంది కూర్చుని ఉన్నారు. మా వంతు వచ్చేసరికి ఆయనకి మాకివ్వడానికి మూడు నిమిషాలు దొరికాయి. "ఆ ఆస్ట్రేలియా అంటే హెపటైటిస్ బి అమ్మా. కాలేయానికి సంబంధించింది. రక్తం వల్ల అంటుకుంటుంది. ఒకరు వాడిన సూదులు, బ్లేడ్లు ఇంకొకరు వాడకూడదు. ఈ వయసులో లోపల లివరు పాడవుతున్నా పైకి తెలియదు, ఆరునెలలకోసారి చూపించుకోవాలి. ఇంట్లో మిగతావాళ్ళు పరీక్ష చేయించుకుని టీకాలు వేయించుకోండి. మూడు డోసులు." మేం గంగిరెద్దుల్లా తలలూపాం. అత్తమ్మ ఒక్కతే నోరు తెరిచింది. "కంటి ఆపరేషన్ చేత్తారా బాబూ?" అని అడిగింది. చేస్తారమ్మా, జాగ్రత్తలు తీసుకుని చేస్తారు, ముందు మందులు చూద్దాం అన్నాడాయన.

బస్సులో కూర్చున్నాక మొదలైంది నాకు గందరగోళం. హెపటైటిస్ అంటే కామెర్లు. కామెర్లంటే కళ్ళు పసుపుపచ్చగా ఉండాలి. పక్కసీట్లో అత్తమ్మ కళ్ళు చూశాను. పొరలు ఉన్నాయి గానీ పసుపు లేదు. జ్వరం లేదు, వాంతి లేదు, పొద్దున కూడా పచ్చిమిరపకాయ నంజుకుని సద్దన్నం తింది. కామెర్లు లేని కామెర్లేమిటి? ఉంటే గింటే నీళ్ళవల్ల రావాలి గానీ రక్తంవల్ల రావడమేమిటి? నా పాఠంలో లేదే! పాఠం తప్పా, డాక్టరు తప్పా? ఇల్లు చేరేదాకా ఇదే గోల. ఒక్క సంగతి మాత్రం నన్ను వదలడం లేదు. నా కూతురు రోజూ ఆవిడ చేత్తోనే తింటుంది.

తింటుందంటే మామూలుగా కాదు. మిరపకోతల రోజుల్లో అత్తమ్మ చేతులు భగభగ మండుతుంటాయి. ముందు మజ్జిగతో కడుక్కుని, ఆముదం రాసుకుని, సబ్బుతో మళ్ళీ కడుక్కుని, ఆ చేతిని తన నాలుక మీద పెట్టి చూసుకుని, మంట లేదని రూఢి చేసుకున్నాకే పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకునేది. ఒక ముద్ద తను, ఒక ముద్ద అది. ఒకే కంచం. నేను కలిపిపెడితే ఆ పిల్ల నోరు బిగించేది.

ఊరికి వచ్చాక సలహాలకి కొదవా! పక్కింటావిడ నేలఉసిరి నూరి మేకపాలలో ఇవ్వమంది. ఎవరో మంగళవారం పసరు పోసే ఊరు చెప్పారు. సూదులు వేసే మా ఊరి డాక్టరు "ఏం లేదండీ టీచర్ గారూ, బలానికి రెండు ఇంజక్షన్లు పొడిస్తే అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆయన దగ్గర ఒకటే గాజు సిరంజి, స్టీలు డబ్బాలో వేడినీళ్ళలో ముంచి తీసేవాడు. మా ముసలివాళ్ళందరికీ ఆయనంటే ప్రాణం. సూది పడితే గానీ రోగం పోదని వాళ్ళ నమ్మకం. నేనేమో ఇవేవీ పట్టించుకోకుండా, చదువుకున్నదాన్ని కదా, నా పాఠం నేను అమలు చేశాను.

నీళ్ళు కాచడం మొదలుపెట్టాను. ఆ తర్వాత బజారుకెళ్ళి ఒక స్టీలు కంచం, ఒక గ్లాసు కొన్నాను. మా వైపు స్టీలుసామాను కొంటే దుకాణంలోనే మిషనుతో పేరు చెక్కి ఇస్తారు. అతను జుయ్యిమని మిషను ఆన్ చేసి "పేరు చెప్పండమ్మా" అన్నాడు.

"పేరొద్దు. ఒక చుక్క పెట్టు చాలు" అన్నాను.

ఆశ్చర్యంగా చూసి కంచం అంచు మీద ఒక చుక్క, గ్లాసు మీద ఒక చుక్క పెట్టిచ్చాడు.

ఆ పూట చుక్క కంచంలో అన్నం పెట్టి, చుక్క గ్లాసులో నీళ్ళు పోసి, అత్తమ్మ ముందు విడిగా పెట్టాను. పిల్లని నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. అత్తమ్మ వేళ్ళతో కంచం అంచు తడిమింది. ముళ్ళు తడిమే వేళ్ళు కదా, చుక్క దగ్గర ఆగిపోయాయి.

"ఇదేందమ్మాయ్?"

"మీ కంచం అత్తమ్మా. గుర్తుకోసం."

అత్తమ్మ ఆ చుక్కని ఇంకోసారి తడిమింది. తర్వాత గ్లాసు ఎత్తి చూసింది. "ఊళ్ళో టీ కొట్టు చూరుకి మా గ్లాసులు ఏరే తగిలిచ్చేవోళ్ళు. తాగి, మేమే కడిగి, మళ్ళీ మేమే తగిలిచ్చాల. మీ కాలానికి పోయిందనుకున్నా" అంది.

చెంప పగిలినట్టయింది నాకు. అయినా తగ్గానా? "ఇది అది కాదత్తమ్మా. ఇది సైన్సు" అన్నాను. మా ఆయన తలెత్తకుండా తిని లేచిపోయాడు. వాళ్ళమ్మకి సర్ది చెప్పాలో, నన్ను కసరాలో అతనికీ తెలియలేదు పాపం.

రెండురోజులు పోయాక నేను అంట్లు తోముతుంటే అత్తమ్మ వచ్చి పక్కన కూర్చుంది. "అమ్మాయ్, ఆ డాక్టరు రకతం అన్నాడు గదా. ఎంగిలి అన్నాడా?" అని అడిగింది.

"అత్తమ్మా, మీకు తెలీదు, ఊరుకోండి" అన్నాను.

ఆ తర్వాత ఆవిడ నన్నేమీ అడగలేదు. చుక్క కంచంలోనే తినేది, తనే కడిగి తనే బోర్లించేది. పిల్ల ఒళ్ళోకి రాబోతే "మీ అమ్మ కాడికి పో తల్లీ" అనేది. పిల్ల ఏడ్చేది, అన్నం సగం వదిలేసేది. నాకూ బాధగానే ఉండేది, ఒట్టు. కానీ నా పిల్లకి ఆ జబ్బు రాకూడదు, అదొక్కటే నా బుర్రలో. నెల మొదటి ఆదివారం చర్చిలో ప్రభువు బల్ల ఉంటుంది. ద్రాక్షరసం ఉన్న ఒకే గిన్నె చేతులు మారుతూ అందరి నోళ్ళకీ చేరుతుంది. ఆ ఆదివారం నేను అత్తమ్మని చివరి వరసలో, గోడవారన కూర్చోబెట్టాను, గిన్నె ఆవిడకి ఆఖర్న చేరాలని. ఆవిడ గిన్నె తీసుకోకుండానే తల వంచుకుని దండం పెట్టి పక్కకి జరిగిపోయింది. దేవుడు చూశాడో లేదో గానీ నేను చూశాను.

డాక్టరు చెప్పిన పరీక్షలు, టీకాలు ఏమయ్యాయంటారా? అక్కడే ఉంది నా తెలివి. కంచం విడిగా పెట్టేశాం కదా, ఇంక తొందరేముంది, బడి సెలవులిచ్చాక వెళదాం అనుకున్నాను.

ఈలోగా ముఠా ఆడవాళ్ళ సణుగుడు మొదలైంది. ఒకావిడ కాలీడ్చుకుంటూ వచ్చి గుమ్మంలో నిలబడి నామీద విరుచుకుపడింది. "టీచరమ్మా, మీ అత్తకేందంట ఇప్పుడు? ముల్లు తియ్యవే అంటే నా వల్ల గాదు పో అంటది! గాజుకి పిన్నీసు గూడా లేదు. కోడలు జీతం తెచ్చుద్దని గొప్పా?" నాకూ అర్థం కాలేదు. కళ్ళు కనపడక మానేసిందా? అలా అయితే ముందే మానేయాలి కదా. ఆలోచించగా ఆలోచించగా నాకొకటే తోచింది. నా మీద కోపం అందరిమీదా తీర్చుకుంటోంది. పంతం. ముసలిపంతం!

ఒక శనివారం మధ్యాహ్నం నా కూతురు పొలంగట్టు నుంచి ఒంటికాలి మీద గెంతుకుంటూ, ఊరంతా వినపడేలా ఏడుస్తూ వచ్చింది. తుమ్మముల్లు. పాదంలో విరిగి లోపలే ఉండిపోయింది. తిన్నగా నాయనమ్మ దగ్గరికి పోయి కాలు చాపింది. అత్తమ్మ చేతులు వెనక్కి పెట్టేసుకుంది.

"నేను తియ్యనమ్మా."

"తియ్యి నాయనమ్మా! నొప్పీ!"

"నేను తియ్యకూడదు తల్లీ."

అప్పుడు పట్టలేకపోయాను. "కోపం ఉంటే నామీద తీర్చుకోండి అత్తమ్మా, పసిదానిమీద కాదు!" అని కేకలేశాను. మీరు తీయకపోతే నేనే తీస్తానని ఆవిడ ట్రంకుపెట్టె తెరిచాను. చీరల అడుగున ఒక పాత పొడుం డబ్బా. అందులో గుడ్డలో చుట్టి, ఆ పిన్నీసు. నా అనుమానం నిజమే, దాచిపెట్టింది! పిన్నీసు పట్టుకుని వచ్చి పిల్ల కాలు పట్టుకున్నాను.

డబ్బా మూత చప్పుడు విన్నట్టుంది. ఎలా లేచిందో, ఎలా వచ్చిందో, చటుక్కున నా చేతి మీద ఒక్క దెబ్బ కొట్టింది. పిన్నీసు ఎగిరి గడపవతల పడింది. నేను కాపురానికి వచ్చాక ఆవిడ నామీద చేయెత్తడం అదే మొదలు, అదే ఆఖరు.

"పిచ్చిదానా! ఆ పిన్నీసు ఎంతమంది రకతం చూసిందో తెలుసా? నాకు గుచ్చుకున్న ముళ్ళు గూడా దాంతోనే తీసుకున్నా గదే! సూదులన్నాడు, బ్లేడులన్నాడు డాక్టరు. నువ్వు ఇన్లా? నేనిన్నా! ఇంటికొచ్చిన పూటే గాజుకి తీసేశా. కంచానికి చుక్క పెట్టావు. గ్లాసుకి చుక్క పెట్టావు. పిన్నీసు జోలికే రాలేదు నువ్వు!"

 నా పిల్ల పాదం, ఆ పాదం దగ్గరికి నేను నా చేత్తో తీసుకెళ్ళిన పిన్నీసు. డాక్టరు చెప్పిన మూడు నిమిషాల మాటలూ అప్పుడు ఒకటొకటిగా తలకెక్కాయి. రక్తం. సూదులు. ఎంగిలి అన్న మాట ఆయన నోట్లోంచి రానే లేదు. నాకు పుట్టినప్పటినుంచీ అంటు అంటే ఎంగిలి, ఎంగిలి అంటే అంటు. చదవేస్తే ఉన్నమతి పోవడమంటే ఇదే కదా.

"మరి నాతో ఎందుకు చెప్పలేదత్తమ్మా?" అన్నాను ఏడుస్తూ.

"అడిగా గదా. ఊరుకోమన్నావు."

"పారేయొచ్చుగా మరి!"

"పారేత్తే ఏ పిల్ల కాల్లోనో దిగితే?"

కేకలు విని వచ్చిన మా ఆయన పరిగెత్తుకెళ్ళి కొత్త పిన్నీసుల అట్ట తెచ్చాడు. ఒకటి మంటలో ఎర్రగా కాల్చి చల్లార్చాను. అత్తమ్మ బారెడు దూరంలో కూర్చుని నోటితోనే ముల్లు తీసింది. "పొడవమాక. అడ్డంగా పెట్టు. ఏలితో తడుము, గట్టిగా తగిలిందా? ఆ, అక్కడ. కొంచెం చీల్చు. ఏడవనీలే, నువ్వేడవమాక. ఇప్పుడెత్తు." ముల్లు వచ్చింది. పిల్ల ఏడుపు ఆపింది. నేను ఆపలేదు.

సోమవారం బడికి సెలవు పెట్టి ముగ్గురం గుంటూరు వెళ్ళి రక్తాలిచ్చాం. ఫలితం వచ్చేదాకా నేను చచ్చి బతికాను. అంతకుముందు ఎన్ని ముళ్ళు తీసిందో ఆవిడ నా కూతురికి! వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాను, మర్చిపోయాను, మళ్ళీ లెక్కపెట్టాను. మర్నాడు కాగితాలు ఇచ్చారు. పిల్లకి లేదు. నాకు లేదు. మా ఆయనకి ఉంది.

డాక్టరు ఈసారి కాస్త నిదానంగా చెప్పాడు. పుట్టేటప్పుడు తల్లినుంచి వచ్చి ఉండొచ్చు, చిన్నప్పటి సూదులవల్ల కావచ్చు, క్షవరం బ్లేడువల్ల కావచ్చు, ఎవరూ తేల్చి చెప్పలేరు. తాగుడు జోలికి పోవద్దు, ఆరునెలలకోసారి రమ్మన్నాడు. నాకూ పిల్లకీ అక్కడే మొదటి టీకా వేశారు. నేనప్పుడు సిగ్గు విడిచి అడిగాను, సార్, కలిసి తినొచ్చా అని. "ఒకే కంచంలో తినండమ్మా, ముద్దు పెట్టుకోండి, ఒళ్ళో పడుకోబెట్టుకోండి. రక్తం దగ్గర మాత్రం జాగ్రత్త" అన్నాడు. ఇంతే! ఈ ఒక్క ప్రశ్న మొదటిరోజే అడగడానికి నా నోరు ఎందుకు పెగల్లేదో!

తర్వాత జరిగింది కొంచెం చెప్పాలి. అత్తమ్మ ముఠాలో ఒక్కొక్కరికీ ఒక్కో పిన్నీసు పంచి, ఎవరిది వాళ్ళ గాజుకే, ఒకరిది ఇంకొకరు ముట్టుకుంటే కూలికి తీసుకుపోనని చెప్పేసింది. తనకేం వచ్చిందో కూడా దాచలేదు. కొందరు దూరం జరిగారు, కొన్నాళ్ళకి వాళ్ళే దగ్గరికొచ్చారు. పక్క ఊళ్ళో టీకాల శిబిరం పెడితే ముసలివాళ్ళందర్నీ ట్రాక్టరెక్కించింది. "ఈ వయసులో టీకాలేందే, మనమేమన్నా పసిపిల్లలమా?" అని ఒకావిడ మొరాయిస్తే, "సూది డాక్టరు దగ్గర ఒకే సూదితో వరసాగ్గా పొడిపిచ్చుకునేది పసిపిల్లలా, మనమా?" అని నోరు మూయించింది. మా సూది డాక్టరు కూడా చివరికి ఒకసారి వాడి పారేసే సిరంజిలకి దిగాడు. మా అత్తమ్మ నోటికి జడిసి.

కానీ నేను చెప్పాలనుకున్నది మా ముగ్గురి కాగితాలు వచ్చిన సాయంత్రం సంగతి. ఇంటికి రాగానే చుక్క కంచం, చుక్క గ్లాసు తీసి అటకమీద పడేశాను. మామూలు కంచాలు నాలుగు వరసగా వేసి అన్నం వడ్డించాను. మా ఆయన సంగతి వాళ్ళమ్మకి అప్పటికే చెప్పాడు. ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుని చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది. "నేనే ఇచ్చానా వాడికి?" అని ఒక్కసారే అడిగింది. ఎవరూ చెప్పలేరట అత్తమ్మా అన్నాను. అది నిజమే, కానీ ఓదార్పులా వినపడలేదు.

భోజనానికి పిలిస్తే వచ్చి పీటమీద కూర్చుంది. అలవాటుగా కంచం అంచు చుట్టూ వేళ్ళు తిప్పింది. చుక్క లేదు. పక్కనున్న కొడుకు కంచం అంచు కూడా తడిమింది. అక్కడా లేదు.

"వాడికి చుక్క కంచం తేలేదా?" అంది.

ఎత్తిపొడుపేమో అనుకుని ఆవిడ మొహం చూశాను. కాదు. కొడుక్కి కూడా అలాంటిది తెస్తానేమోనని నిజంగానే భయపడుతోంది.

"లేదత్తమ్మా. ఆయనకెందుకు? కంచంవల్ల రాదు" అన్నాను.

అన్నం కలుపుతున్న ఆవిడ చేయి ఆగింది. పొరలు కమ్మిన ఆ కళ్ళు నావైపు తిప్పింది.

"మరి నాకెందుకు తెచ్చావమ్మా?"

 నా పక్కనున్న పిల్ల తన కంచం అక్కడే వదిలేసి, పాకుతూ పోయి నాయనమ్మ ఒళ్ళో కూర్చుని నోరు తెరిచింది. అత్తమ్మ కలిపిన ముద్ద చేతిలో పట్టుకుని పెట్టలేదు. నేను ఊ అనేదాకా అలాగే పట్టుకుని కూర్చుంది.